మొదటి ఛారిటీ ర్యాలీ, 12 గంటలు, 60 బోనస్‌లు. ఏవి వదిలెయ్యాలో ఎలా తేల్చుకుంటారు?

కొత్తచక్రం

అందరికీ నమస్తే. వచ్చే నెలలో జరిగే ఒక ఛారిటీ బైక్ ర్యాలీకి పేరిచ్చాను. బండి మీద దూరాలు పోవడం అలవాటే గానీ ఇలాంటిది మాత్రం ఇదే మొదలు. పద్ధతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: ఉదయం 7కి అందరం ఒకే చోటి నుంచి బయల్దేరాలి, రాత్రి 7 లోపు మళ్ళీ అక్కడికే రావాలి. మధ్యలో ఏ దారిన పోతావో నీ ఇష్టం. ముందురోజు సాయంత్రం ఒక ర్యాలీ బుక్ చేతికిస్తారు, అందులో 60 చోట్లు ఉంటాయి, వీటినే బోనస్‌లంటారు, ఒక్కోదానికి ఇన్ని పాయింట్లని రాసి ఉంటుంది. పాత వంతెన, స్మారకం, లైట్‌హౌస్, ఇలాంటివి. అక్కడికెళ్ళి మన నంబరున్న జెండా కనపడేలా ఫొటో తీసి, టైమూ ఓడోమీటర్ రీడింగూ రాసుకోవాలి. అన్నిటికీ వెళ్ళడం ఎవరివల్లా కాదని వాళ్ళే చెప్పేశారు.

పోయినేడాది బుక్ ఒకటి ప్రాక్టీసుకి ఇచ్చారు. దాన్ని పెట్టుకుని రాత్రి రెండింటిదాకా గూగుల్ మ్యాప్స్‌తో కుస్తీ పట్టాను. 10 చోట్లు పెట్టగానే ఇంక చాలంటుంది. పెద్ద పాయింట్లున్నవన్నీ మ్యాప్‌లో మూల మూలకి విసిరేసినట్టు ఉన్నాయి. ఒకదానికెళ్తే ఇంకోదానికి వెళ్ళలేను. ఎలాగోలా 17 బోనస్‌లతో ఒక రూట్ గీశాను, అది కుదిరేపనేనా?

రెండో సమస్య దీనికన్నా పెద్దది. వచ్చే డబ్బు పిల్లల క్యాన్సర్ వైద్యానికి వెళ్తుంది. ఫ్రెండ్స్, ఆఫీసువాళ్ళు కలిపి 22 మంది పాయింటుకింత అని మాటిచ్చారు. ఇప్పుడు మ్యాప్‌లో ఒక బోనస్ వదిలేసినప్పుడల్లా పిల్లల చేతిలో డబ్బు లాక్కున్నట్టు ఉంది. మా ఆవిడైతే, నువ్వు పాయింట్ల కోసం ఉరికి ఎక్కడైనా పడితే ఆ వచ్చిన డబ్బు నీ కట్లకే సరిపోతుంది అంటోంది. దీన్ని మీరెలా చూస్తారు?

ఇంకోటి, విడిగా జీపీఎస్ కొనాలా, ఫోన్ చాలా?

పాతమైలురాయి

తమ్ముడూ, ఎన్ని కొట్టగలనా అని కూర్చున్నావు, అందుకే రెండింటిదాకా తెమల్లేదు. ఏవి వదిలెయ్యాలా అని కూర్చో, గంటలో అయిపోతుంది.

10 చోట్లని ఏ వరసలో తిరగాలన్నదానికే 36 లక్షలకి పైగా దారులుంటాయి. పైగా నువ్వు 60లోంచి ఏరుకోవాలి కూడా. లెక్కల వాళ్ళు దీన్ని ఓరియంటీరింగ్ ప్రాబ్లం అంటారు, మ్యాపూ దిక్సూచీ పట్టుకుని పరిగెత్తే ఆట పేరే దీనికి పెట్టారు. కంప్యూటర్లకే చెమటలు పట్టే లెక్క ఇది, కాబట్టి అన్నిటికన్నా మంచి రూట్ కోసం వెతక్కు, పనికొచ్చే రూట్ దొరికితే చాలు.

నేను చూసేది ఒక్కటే, నిమిషానికి ఎన్ని పాయింట్లు అని. 900 పాయింట్ల బోనస్ కనపడగానే నోరూరుతుంది. కానీ దానికోసం రానూపోనూ 200 కిలోమీటర్లు పోవాలంటే దగ్గరదగ్గర 3 గంటలు, అంటే నిమిషానికి 5. అదే 40 కిలోమీటర్లలో గుంపుగా ఐదున్నాయనుకో, ఒక్కోటి 150 చొప్పున మొత్తం 750. గంటన్నరలో అయిపోతే నిమిషానికి 8 దాటుతుంది. ఆ మిగిలిన గంటన్నరలో ఇంకో గుంపు పట్టొచ్చు. ఆ 900 నీ దారికి అడ్డంగా ఉంటే మాత్రం కళ్ళకద్దుకుని తీసుకో. ఇంకో సంగతి, ఫలానా నాలుగూ కలిపి కొడితే అదనంగా ఇన్ని పాయింట్లు అని కాంబో బోనస్‌లు ఇస్తుంటారు. బుక్‌లో అవి ఎక్కడో చివరి పేజీల్లో ఉంటాయి, ముందు అవి వెతుక్కో. మూడు కొట్టి నాలుగోది వదిలేస్తే కాంబోలో ఏమీ రాదు, అది గుర్తుంచుకో.

కొత్తవాళ్ళందరూ మర్చిపోయేది ఆగే టైము. బండి ఆపి, స్టాండు వేసి, గ్లవ్స్ తీసి, జెండా బయటికి లాగి, గాలికి మడత పడకుండా ఎక్కడో తగిలించి, ఫొటో తీసి, సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుని, టైమూ రీడింగూ రాసి, జెండా లోపల పెట్టి, తాళం ఏ జేబులో పెట్టానా అని తడుముకుని కదిలేసరికి 7 నిమిషాలు. నేను మొదటిసారి గడియారం పెట్టి చూసుకుంటే నాకే సిగ్గేసింది. ఇంటి ముందు పదిసార్లు ప్రాక్టీస్ చేసి 4కి తెచ్చాను. 10 బోనస్‌ల మీద అరగంట మిగిలింది. అదే అరగంటని బండి తోలి మిగుల్చుకోవాలంటే 300 కిలోమీటర్ల పాటు సగటు వేగం 60 నుంచి 67కి పెంచాలి. ట్రాఫిక్‌లో సగటుని 7 పెంచడమంటే ఏంటో నీకు చెప్పక్కర్లేదు.

నీ 17 బోనస్‌లకి ఆగే టైమే 2 గంటలు పోతుంది. మ్యాప్ చూపించిన టైములో అది కలిపావా?

కొత్తచక్రం

కలపలేదన్నా 😀 మ్యాప్ 11 గంటల 20 నిమిషాలు అంది, ఇంకా 40 నిమిషాలు మిగిలాయని సంబరపడ్డాను.

పాతమైలురాయి

పెట్రోలు, తిండి, ఒంటేలు అవి కూడా కలపలేదని అర్థమైంది. ఆలస్యంగా వస్తే నిమిషానికి ఇన్ని అని పాయింట్లు కోస్తారు, ఇంకొంచెం దాటితే మొత్తానికే డీఎన్ఎఫ్, అంటే ర్యాలీ పూర్తి చెయ్యనట్టే లెక్క. అప్పుడు నీ 17కీ సున్నా. అందుకే పెద్దవి పొద్దున్నే పెట్టుకో, చివరి రెండు గంటల్లో వదిలేసినా బాధలేని చిన్నవి ఉంచుకో. ట్యాంక్ బ్యాగ్ మీద ఒక చీటీ అంటించు: "ఇక్కడ 3:40 దాటితే లైట్‌హౌస్ వద్దు, తిన్నగా వచ్చెయ్." అలిసిపోయినప్పుడు ఇలాంటివి ఆలోచించి తేల్చే బుర్ర ఉండదు, పొద్దున ఉన్న బుర్రే సాయంత్రానికి కూడా రాసి పెట్టాలి.

జీపీఎస్ సంగతి, ఫోన్ చాలు. కాకపోతే మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో, చార్జింగ్ వైరు వానకి తడవకుండా చూసుకో, బుక్‌లో ఇచ్చిన అక్షాంశ రేఖాంశాల అంకెలు చేత్తో కొట్టేటప్పుడు రెండుసార్లు సరిచూసుకో. ఒక అంకె అటూ ఇటూ అయ్యి పొలం మధ్యలో నిలబడ్డవాళ్ళని చూశాను.

చైన్‌లూబ్

రూటు గురించి అన్న చెప్పేశారు. నేను పోగొట్టుకున్న 400 పాయింట్ల కథ చెప్తాను, నీకైనా పనికొస్తుంది.

నా రెండో ర్యాలీ. ఒక కొండ మీద గడియార స్తంభం ఉంది, 400 పాయింట్లు. పైకి వెళ్ళేసరికి విపరీతమైన గాలి. జెండాని అద్దానికి తగిలించి ఫొటో కొట్టాను. వెలుతురు బాగా పడింది, స్తంభం ఎంత బాగా వచ్చిందో, ఫ్రేమ్ కట్టించుకోవచ్చు అనుకున్నాను. రాత్రి స్కోరింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాక అవతల ఉన్న పెద్దాయన ఫొటో పెద్దది చేసి చూపించారు. నా నంబరు 38. జెండా కింది మూల గాలికి మడత పడి 3 మాత్రమే కనపడుతోంది. "అమ్మా, ఇందులో 38 నాకెక్కడుందో చూపించు" అన్నారు. చూపించలేకపోయాను. రెండో ఫొటో తీయలేదు, ఎందుకంటే మొదటిది బాగా వచ్చిందిగా మరి! దాని కింద వచ్చే కాంబో కూడా పోయింది. ఆయన తప్పేమీ లేదు, రూల్ అదే. ఒకరికి వదిలేస్తే అందరికీ వదిలెయ్యాలి.

అప్పట్నుంచి జెండా నాలుగు మూలలకీ బట్టల క్లిప్పులు, కింద అంచుకి మందపాటి అట్ట. ప్రతిచోటా రెండు ఫొటోలు, గ్లవ్స్ వేసుకునే ముందు ఒకసారి పెద్దది చేసి చూడ్డం. అన్న చెప్పిన 4 నిమిషాల్లో ఇవి కూడా పడతాయి.

ఇంకా బుక్‌లో ప్రతి బోనస్ కింద ఉండే చిన్న వాక్యాన్ని చదువు. "బండి కూడా ఫొటోలో ఉండాలి", "పగటిపూట మాత్రమే", "పలక మీద మూడో వరసలో ఉన్న పేరు రాయాలి" ఇలాంటివి ఉంటాయి. స్తంభం ఫొటో తీసి పలక సంగతి మర్చిపోయి 60 కిలోమీటర్లు వెనక్కి వెళ్ళిన మనిషి మా గ్రూపులోనే ఉన్నాడు, ఇక్కడ ఇది చదువుతూ కూడా ఉండుంటాడు.

హాఫ్‌ట్యాంక్

చదువుతున్నాను అక్కా, థ్యాంక్స్. 60 కాదు, 54.

బ్రో, పాయింటుకింత అని మాటిచ్చారంటే అదృష్టం అనుకో. దానివల్లే వాళ్ళు రోజంతా ఫోన్ చేసి ఎన్నొచ్చాయి ఎన్నొచ్చాయి అని అడుగుతారు, ఆ సరదాకే ఇంకో నలుగురు కలుస్తారు. ఉత్తగా ఇంత ఇస్తాను అంటే ఇచ్చేసి మర్చిపోతారు. అంతగా మనసు పీకితే మార్చుకో గానీ, నాకైతే ఆ ఊపే బాగుంటుంది.

టేబుల్ఇవతల

నేను నాలుగేళ్ళుగా రైడ్ చెయ్యట్లేదు, స్కోరింగ్‌లో వాలంటీర్‌గా కూర్చుంటున్నాను. హాఫ్‌ట్యాంక్ గారు చెప్పిన సరదా నిజమే, కానీ నాకు అవతలి వైపు కూడా కనపడుతుంది. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. కళ్ళు ఎర్రగా, చేతులు వణుకుతూ, బండి స్టాండు వేయడం మర్చిపోయి దిగబోయేవాళ్ళు వస్తారు. అడిగితే "ఇంకో 200 వచ్చేవండి, పిల్లల కోసం కదా" అంటారు.

కొత్తచక్రం గారూ, మీ శ్రీమతి గారి మాట వినండి. డబ్బు సాయానికీ వేగానికీ ముడి పెట్టాలని ఎక్కడా లేదు. 2012లో సిడ్నీలో మొదలైన డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్స్ రైడ్ చూడండి, సూటూ బూటూ వేసుకుని పాతకాలం బళ్ళ మీద నింపాదిగా పోతారు. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం, మగవాళ్ళ మానసిక ఆరోగ్యం కోసం ప్రపంచమంతా డబ్బు పోగవుతుంది. అక్కడ పాయింట్లే లేవు.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఆ 22 మందికీ ఒక మెసేజ్ పెట్టండి: పాయింటుకింత అన్నది అలాగే ఉంచుదాం, కానీ పైన ఒక హద్దు పెడదాం అని. మీరు మామూలుగా, తొందరపడకుండా పోయినా అందేంత దగ్గర ఆ హద్దు ఉండాలి. దాని తర్వాత ఎన్ని కొట్టినా పైసా పెరగదు. సరదా పోదు, మీ మెడ మీద కత్తి పోతుంది. కావాలంటే క్షేమంగా టైముకి తిరిగొస్తే అదనంగా ఇంత అని అడగండి. మా ర్యాలీలో ఒకాయన అలా అడిగితే అందరికన్నా ఎక్కువ పోగుచేసింది ఆయనే, స్థానం మాత్రం కింది నుంచి మూడు.

నిద్ర గురించి కూడా చెప్పాలి. మీది 12 గంటలే కదా, ఫరవాలేదు అనుకోకండి. ముందురోజు సాయంత్రం బుక్ ఇస్తారన్నారు, అంటే రాత్రి రెండింటిదాకా మళ్ళీ రూట్ గీస్తారు, తెల్లారి నాలుగున్నరకి లేస్తారు. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని 1997లో ప్రచురించిన ప్రయోగాల్లోనే తేలింది. మీరు మందు తాగి బండెక్కరు కదా, ఇదీ అంతే. అమెరికాలో 1984లో మొదలైన అయన్ బట్ ర్యాలీ 11 రోజులు సాగుతుంది, అలాంటిచోటే ఇన్ని గంటలు కదలకుండా ఆగితే ఇన్ని పాయింట్లని రెస్ట్ బోనస్ పెడతారు. మీ బుక్‌లో కూడా ఉంటే అది వదలకండి, ఆగిన చోట టైము పడ్డ రసీదు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి తీసుకోండి. మధ్యాహ్నం కళ్ళు బరువెక్కితే ఒక కాఫీ తాగి వెంటనే 20 నిమిషాలు నడుం వాల్చండి, లేచేసరికి కాఫీ పనిచెయ్యడం మొదలెడుతుంది.

హాఫ్‌ట్యాంక్

హద్దు పెట్టడం బాగుందండీ. ఈసారి నేనూ అదే చేస్తాను.

పాతమైలురాయి

స్టార్ట్ దగ్గర ఓడోమీటర్ చెక్ అని కొలిచిన దూరం ఒకటి తిప్పుతారు, దాన్ని తేలిగ్గా తీసుకోకు. 100 కిలోమీటర్లకి నీ బండి 103 చూపించొచ్చు, టైరు అరిగిన బండి ఇంకొంచెం ఎక్కువే చూపిస్తుంది. వాళ్ళు ఆ తేడా లెక్కేసుకుని నీ రీడింగులు సరిచూస్తారు. చెక్ అయ్యాక ట్రిప్ మీటర్ నొక్కి సున్నా చేసినా ఫరవాలేదు గానీ, రాసేది మాత్రం మొత్తం రీడింగే రాయి.

కొత్తచక్రం

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి మళ్ళీ కూర్చున్నాను, ఈసారి ఆగే టైము 6 నిమిషాల చొప్పున, పెట్రోలుకి రెండుసార్లు, ఒక అరగంట పడక, చివర్లో 40 నిమిషాలు వెనకేసుకుని. 17 కాస్తా 11 అయ్యాయి. మూలన ఉన్న 900 కొట్టేశాను, కొట్టేశానంటే మ్యాప్ మీద గీత పెట్టి కొట్టేశాను 😀 విచిత్రం ఏంటంటే మొత్తం పాయింట్లలో తేడా 300 కూడా లేదు, ఎందుకంటే పాత రూటులో తెలియకుండా ఒక కాంబోని సగంలో వదిలేశాను.

22 మందికీ హద్దు మెసేజ్ పెట్టాను. 19 మంది సరేనన్నారు, ఇద్దరు ఇంకా చూడలేదు. ఒకాయన మాత్రం నువ్వెలాగూ అక్కడిదాకా రావులే అన్నాడు.

సాయంత్రం ఇంటి ముందు జెండా ప్రాక్టీస్ చేశాను. మొదటిసారి 9 నిమిషాలు. మా ఆవిడ స్టాప్‌వాచ్ పట్టుకుని మెట్ల మీద కూర్చుంది, ఎదురింటి పిల్లలు కూడా చేరారు. ఆరోసారికి 5:10. చైన్‌లూబ్ అక్కా, ఇంకొక్క డౌటు, వాన పడితే బుక్‌లో రాయడం ఎలా?

చైన్‌లూబ్

పెన్సిల్ వాడు, పెన్ను తడిస్తే చెరిగిపోతుంది. బుక్‌ని పెద్ద జిప్ కవర్లో పెట్టు. ఇంకా, ఆ పేజీని ఎక్కడికక్కడ ఒక ఫొటో తీసి ఉంచుకో, నా బుక్ ఒకసారి ట్యాంక్ మీదే వదిలేసి బయల్దేరాను.

హాఫ్‌ట్యాంక్

అక్కా, అది నేను వెతికిపెట్టిన బుక్కే కదా?

చైన్‌లూబ్

అవును. అందుకే నీ 60 కిలోమీటర్లని 54కి తగ్గించనిచ్చాను.