పాత పద్మిని రేస్ కారు ఇంజిన్‌లో పికప్, పవర్ రెండూ పెంచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

దేవరకొండ ఫియట్:

అన్నలందరికీ నమస్తే. మా పెద్దనాయిన మద్రాసులో ఉద్యోగం చేసినప్పుడు కొన్న 1978 ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నా దగ్గర ఉంది. ఆయనకు అమ్మినతను దాన్ని మద్రాసు దగ్గరి షోలవరం రేసుల్లో నడిపాడు, లోపల రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే పైపుల చట్రం) వెల్డింగ్ మచ్చలు, వెనక సీటు పీకేసిన బోల్టు రంధ్రాలు ఇంకా కనిపిస్తాయి. పదిహేనేళ్లు కొట్టంలో పడి ఉంటే పోయిన ఏడాది బయటికి తీసి నడిచేలా చేశాను. ఇంజిన్ మాత్రం మామూలు పద్మినిదే, 1089 సీసీ, బోర్ 68, స్ట్రోక్ 75, ఒక్కటే సోలెక్స్ కార్బొరేటర్.

సమస్య ఏంటంటే పుల్లింగ్ లేదు. మొన్న శ్రీశైలం పోయి వస్తుంటే డ్యామ్ దగ్గర నుంచి ఈగలపెంటకు ఎక్కే ఘాట్‌లో మూడో గేరు అస్సలు పట్టలేదు, మొత్తం రెండో గేరులోనే ఎక్కించాను. సాఫీ రోడ్డు మీద కూడా 4,500 ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటితే మోతే తప్ప స్పీడు పెరగదు. ఎప్పటికైనా దీన్ని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద నడపాలని నా కోరిక. ఒక షాపులో అడిగితే వెబర్ 40 కార్బొరేటర్లు రెండు, రేసింగ్ క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) వేయించమన్నారు. ఇంకో చోట కంప్రెషన్ పెరగడానికి హెడ్ (సిలిండర్ల పైమూత) అడుగు రెండు మిల్లీమీటర్లు గీయిస్తే చాలన్నారు. రెండూ ఖర్చుతో కూడిన పనులే, ముందు ఏది చేయించాలి?

పాలమూరు మెకానిక్:

తమ్మీ, ఇప్పుడే కార్బొరేటర్లు కొనకు. నేను ఈ ఫియట్ల మీద ముప్పై ఏళ్లు పని చేశాను. పెద్ద కార్బొరేటర్ తెచ్చి బిగించి, బండి అంతకుముందు కన్నా మొద్దుబారిందని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. చిన్న ఇంజిన్‌కు పెద్ద గొంతు పెడితే కింది ఆర్‌పీఎమ్‌లో గాలి వేగం పడిపోయి పెట్రోలు సరిగా కలవదు, నువ్వు అడుగుతున్న పికప్పే పోతుంది.

ముందు లెక్క చూడు. ఈ ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 3,000 దగ్గర సుమారు 7.2 కిలోగ్రామ్-మీటర్లు, పవర్ 4,800 దగ్గర సుమారు 40 హార్స్‌పవర్. టార్క్‌ను ఆర్‌పీఎమ్‌తో గుణించి 716తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. తిరగేసి చూస్తే 4,800 దగ్గర నీ టార్క్ 6కు పడిపోయినట్టే కదా, అంటే పైకి పోయేకొద్దీ ఇంజిన్‌కు ఊపిరి ఆడటం లేదు. అదే టార్క్‌ను 5,400 దగ్గర 6.5 నిలబెట్టగలిగితే 49 హార్స్‌పవర్ వస్తుంది, కింద పికప్ కూడా పోదు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, పవర్ కోసం వెంటపడకు, ఉన్న టార్క్‌ను పైదాకా మోసుకుపో అని. ఆ ఊపిరి హెడ్‌లో ఉంటుంది, పోర్టులు (గాలి పోయే దారులు), వాల్వ్ సీట్లు, మ్యానిఫోల్డ్ హెడ్‌ను కలిసే చోటు.

ఇదంతా తర్వాత సంగతి. మూడో గేరు అసలు పట్టలేదంటే అది ట్యూనింగ్ లోపం కాదు, ఇంజిన్‌లో ఏదో పాడైంది. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, గేజ్‌తో ఒక్కో సిలిండర్ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూడు. తక్కువ చూపించిన దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఆ నంబర్లు ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.

మిర్యాలగూడ లేత్:

హెడ్ రెండు మిల్లీమీటర్లు గీయమన్న మాట విని రాస్తున్నాను, దయచేసి అలా చేయించకండి. ఎంత గీయాలో ముందు కొలిచి తేల్చాలి. మీ ఒక్కో సిలిండర్ సుమారు 272 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క) 7.3 ఉందంటే పిస్టన్ పైన మిగిలే ఖాళీ మొత్తం 43 సీసీ దాకా ఉన్నట్టు, దాన్ని 8.5కు తేవాలంటే 36 సీసీకి దిగాలి, అంటే ఏడు సీసీలు తగ్గించాలి. ఈ ఖాళీలో గాస్కెట్ మందం, పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ అంచుకు ఎంత కింద ఆగుతుందో అదీ కలిసే ఉంటాయి. హెడ్‌ను తిరగేసి పెట్టి, వాల్వులు, ప్లగ్గు బిగించి, పైన చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలక గ్రీజుతో అతికించి, సిరంజితో పల్చటి ఆయిల్ పోస్తూ పోతే చాంబర్ ఎన్ని సీసీలో తెలిసిపోతుంది. నాలుగు చాంబర్లూ సమానంగా ఉండవు, వాటిని సమం చేయడమే సగం పని.

చాలా ఏళ్ల కింద నేను కొలవకుండా ఒక అంబాసిడర్ హెడ్ గీశాను. హెడ్ కిందికి దిగితే వాల్వ్ కూడా పిస్టన్‌కు దగ్గరవుతుందని అప్పుడు ఆలోచించలేదు. స్టార్ట్ చేసిన రోజే రెండు వాల్వులు వంగిపోయాయి. అప్పటి నుంచి పిల్లలు ఆడుకునే బంకమన్ను పిస్టన్ మీద పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ తీసి ఆ మన్ను మందం చూడకుండా ఏ హెడ్డూ ఇవ్వను. గీసినంత మేర క్యామ్ నుంచి రాకర్లను తోసే పుష్ రాడ్లు పొడుగైనట్టు అవుతాయి, వాల్వును నొక్కే రాకర్ కోణం కూడా చూసుకోవాలి.

నకిరేకల్ రోడ్:

నాదీ పాత ఫియటే, రేసులకు కాదు, ఇష్టంతో ఉంచుకున్నాను. మన ఎండల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. నల్గొండలో మేలో 45 డిగ్రీలు ఉన్నప్పుడు, 25 డిగ్రీలున్న పొద్దుటి గాలితో పోలిస్తే గాలి నూటికి ఆరు పాళ్లు పలచబడుతుంది, పవర్ కూడా ఇంచుమించు అంతే పోతుంది. బానెట్ కింది వేడి గాలి పీలిస్తే ఇంకా ఎక్కువ. ఒక పైపు వేసి గ్రిల్ వెనక నుంచి చల్లగాలి అందించండి, పెద్ద ఖర్చు కాదు. ఫ్యూయల్ పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే మా నాయిన పంపు మీద తడిగుడ్డ వేసేవాడు, నేను ఇప్పటికీ అదే చేస్తున్నాను. మీ ఘాట్ సమస్యలో అది కూడా కొంత ఉండొచ్చు, ఒకసారి చూడండి.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది మండాలంటే అదే గాలికి నూటికి ఏడెనిమిది పాళ్లు ఎక్కువ ఇంధనం పోయాలి. కార్బొరేటర్‌లో పాత జెట్‌తోనే (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) నడిపితే మిక్చర్ పలచబడి వాల్వులు కాలిపోతాయి. మెయిన్ జెట్ 120 ఉంటే 125 వేసి చూడండి, రంధ్రం వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ కూడా ఇథనాల్‌కు తట్టుకునేవి వేసుకోండి, నాది ఉబ్బిపోయి కారింది.

దేవరకొండ ఫియట్:

అన్నా, నిన్న సాయంత్రం కంప్రెషన్ చూశాను. ఒకటి 124, రెండు 121, మూడు 82, నాలుగు 125 పీఎస్‌ఐ. మూడో దాంట్లో ఆయిల్ పోస్తే 85 వచ్చింది, అంతే. ఇన్నాళ్లూ మూడు సిలిండర్ల మీద నడుపుతూ క్యామ్ కోసం డబ్బులు పోగేస్తున్నానని తెలిసి రాత్రంతా నిద్ర పట్టలేదు. క్యామ్ ఇప్పుడే వేయించనా, ఎలాగూ హెడ్ తీస్తున్నాం కదా?

పాలమూరు మెకానిక్:

ఆయిల్ పోసినా పెరగలేదంటే వాల్వే. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలి ఉంటుందని నా అనుమానం, పైన రాసిన పలచటి మిక్చర్ మాట కూడా దానికి సరిపోతుంది. పైగా 1978 హెడ్ సీసం కలిపిన పెట్రోలు రోజులది, ఆ సీసమే వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడేది, మన దగ్గర సీసం పెట్రోలు 2000లో ఆగిపోయింది. నాలుగు ఎగ్జాస్ట్ సీట్లూ తీయించి గట్టి సీట్లు వేయించు, వాల్వ్ గైడ్లు కూడా.

క్యామ్ వద్దు, ఇప్పుడు కాదు. రేసింగ్ క్యామ్ వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, పైన ఊపిరి వస్తుంది, కింద 3,000 లోపు చచ్చిపోతుంది. దానికి తగ్గ ఆర్‌పీఎమ్ తిప్పాలంటే నీది మూడు మెయిన్ బేరింగుల క్రాంకు, బ్యాలెన్స్ చేయించకుండా 6,000 దాటి తిప్పితే కింది భాగం నిలవదు. ముందు హెడ్, కొలిచి 8.5, తర్వాత 4-2-1 ఎగ్జాస్ట్ (నాలుగు పైపులు రెండై, ఆ రెండూ ఒకటయ్యేది), ఆ తర్వాత జెట్లు, చివర్లో టైమింగ్ లైట్ పెట్టి అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందు పడాలో అది). కంప్రెషన్ పెంచాక అడ్వాన్స్ కొంచెం తగ్గించాల్సి వస్తుంది, ఎక్కేటప్పుడు నాక్ (ఇంజిన్‌లో టకటక మోత) వినిపిస్తే వెంటనే రెండు డిగ్రీలు వెనక్కి తియ్యి.

హెడ్ దించాక పోర్టులకు ఫైల్ తగిలించకముందే ఇన్‌టేక్ గాస్కెట్ ఆనిన మచ్చ కనిపించేలా ఒక ఫోటో పెట్టు. మ్యానిఫోల్డ్ అంచు లోపలికి పొడుచుకు వచ్చిందేమో చూసి ఎంత తీయాలో చెప్తా.

దేవరకొండ ఫియట్:

సరే అన్నా, ఆదివారం హెడ్ దించుతాను. లేత్ అన్నా, చాంబర్లు కొలవడానికి సోమవారం పొద్దున హెడ్ పట్టుకుని మిర్యాలగూడ వస్తే కుదురుతుందా?

మిర్యాలగూడ లేత్:

తెండి, పొద్దున పది లోపు రండి. గాస్కెట్ పాతది పారేయకండి, దాని మందం కూడా కొలవాలి.