గుర్గావ్ అరావళి పార్కు ఒకప్పుడు నిజంగా క్వారీయేనా?

కొత్తగా_గుర్గావ్:
ఈ మధ్యే ఉద్యోగం కోసం హైదరాబాద్ నుంచి ఇక్కడికి మారాం. పోయిన ఆదివారం పొద్దున్నే అరావళి బయోడైవర్సిటీ పార్కుకి వెళ్లాం. పార్కంటే లాన్లూ పూలకుండీలూ ఉంటాయనుకుంటే అన్నీ పొదలూ రాళ్లూ, మధ్యలో మట్టి దారి. ఒకచోట నేల ఉన్నట్టుండి పెద్ద గోతిలోకి దిగిపోయింది, కింద మెట్లు మెట్లుగా కూర్చునే చోటు కట్టారు. పక్కన నడుస్తున్న పెద్దాయన ఇదంతా రాళ్ల క్వారీ అన్నాడు. నిజమేనా? మరి ఈ అడవి ఎప్పటిది? ఇంకోటి, సగం చెట్లకి ఆకుల్లేవు. నీళ్లు పెట్టట్లేదా, చచ్చిపోయాయా?

ఢిల్లీ_బాబాయ్:
నిజమే. ఒకప్పుడు ఏళ్ల తరబడి అక్కడ రాయి కొట్టి క్రషర్లలో కంకర చేసేవారు, మీరు చూసిన గొయ్యి ఆ పనిదే. ఆపేశాక మిగిలింది గుంతలు, రాతిపొడి, వాటి మీద సర్కారు తుమ్మ. 2010 జూన్ 5న పార్కుగా తెరిచారు, దాదాపు 390 ఎకరాలు. ఊళ్లో వాళ్లు పెట్టుకున్న 'ఐయామ్ గుర్గావ్' సంస్థ మునిసిపల్ కార్పొరేషన్‌తో కలిసి చేసిన పని ఇది. నాకు నచ్చిందేంటంటే, తొందరగా పచ్చగా కనపడాలని ఏదో ఒకటి నాటెయ్యలేదు, అరావళిలో రాతి మీద బతికే చెట్లనే ఏరుకున్నారు: ధౌ (మన చిరుమానుకి దగ్గర చుట్టం), సాంబ్రాణి లాంటి బంక కారే సలాయ్, మోదుగ, సండ్ర, ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కూడా. ఇవి మామూలు నర్సరీల్లో దొరకవు కాబట్టి అడవుల్లో విత్తనాలు ఏరుకొచ్చి సొంత నర్సరీలో మొలిపించారు. ధౌ విత్తనాలు గుప్పెడు చల్లినా మొలిచేవి చాలా తక్కువ, అందుకే ఓపిక కావాలి.
ఆకులంటారా, అవి ఎండాకాలంలో ఆకు రాల్చే చెట్లు. అనుమానముంటే కొమ్మని గోటితో కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే.

అనంతపురం_తుమ్మకంప:
బాబాయ్ గారూ, సర్కారు తుమ్మంటే అందరికీ అంత కోపమెందుకండీ? మావైపు పొయ్యిలోకీ బొగ్గుకీ అదే దిక్కు. ఏమీ మొలవని చోట అది మొలిచింది కదా, దాన్ని పీకి ఇంకోటి నాటితే అది అడవెలా అవుతుంది, తోట కదా?

ఢిల్లీ_బాబాయ్:
తోటే, మొదట్లో. నేను కాదనను. కానీ సర్కారు తుమ్మ కింద గడ్డి కూడా సరిగ్గా రాదు, మీకే బాగా తెలుసు. పైగా పైకి కొట్టేస్తే రెండింతలు చిగురిస్తుంది, మొదలుతో సహా తవ్వి తియ్యాలి. ఇప్పుడు అక్కడ గడ్డి ఉంది, గడ్డిలో పురుగులున్నాయి, వాటికోసం పిట్టలొస్తున్నాయి. వాటినెవరూ నాటలేదుగా.

సైకిల్_సత్తి:
ఒక్కటి కలుపుతా. కొన్నేళ్ల క్రితం ఈ పార్కు మధ్యలోంచి ఆరు లైన్ల రోడ్డు వెయ్యాలని ప్లాన్ వచ్చింది, జనం గట్టిగా గొడవ చేశాక ఆగింది. 2022 ఫిబ్రవరిలో దేశంలోనే మొదటి 'ఓఈసీఎం' చోటుగా దీన్ని ప్రకటించారు. అంటే అభయారణ్యం కాకపోయినా జీవవైవిధ్యాన్ని నిలబెడుతున్న చోటు అని గుర్తింపు. పేరు బానే ఉంది గానీ వన్యప్రాణి చట్టం ఇచ్చే రక్షణ దానితో రాదు, రేపు ఇంకో రోడ్డు ప్లాన్ వస్తే మళ్లీ మనమే రోడ్డెక్కాలి.

కొత్తగా_గుర్గావ్:
థాంక్యూ అందరికీ. ఈ ఆదివారం వెళ్లి గీకి చూశా, లోపల పచ్చగానే ఉంది. వెనకే వస్తున్న ఒకావిడ మాత్రం చెట్లని పాడుచేస్తున్నావేంటని హిందీలో బాగా తిట్టింది. బాబాయ్ గారు చెప్పారంటే వింటేగా!