తొలి ప్రెసిషన్ రైఫిల్ పోటీకి వెళ్లేవారికి రెండు రోజుల శిక్షణ శిబిరం: దేనికి ఎంత సమయం ఇవ్వాలి?

ప్రశ్న (శిబిరం నిర్వాహకుడు)

అందరికీ నమస్కారం. మా క్లబ్‌లో పన్నెండు మంది కొత్త షూటర్లు రెండు నెలల్లో తమ మొదటి ప్రెసిషన్ రైఫిల్ పోటీలో పాల్గొనాలని అనుకుంటున్నారు. వారి కోసం రెండు రోజుల శిక్షణ శిబిరం నడిపే బాధ్యత నా మీద పడింది. అందరికీ సొంత రైఫిళ్లు ఉన్నాయి. నేల మీద పడుకుని, బైపాడ్ (రెండు కాళ్ల ఆధారం) మీద ఆనించి కాల్చితే 100 మీటర్ల దూరంలోని కాగితం మీద ఐదు తూటాలూ బొటనవేలి గోరంత చోటులోనే పడుతున్నాయి. అయితే బారికేడ్ (రైఫిల్ ఆనించి కాల్చే అడ్డుకట్ట) మీద నుంచి గానీ, టైమర్ నడుస్తుండగా గానీ వారిలో ఎవరూ ఇంతవరకు కాల్చలేదు.

నేను వేసుకున్న ప్రణాళిక ఇది. మొదటి రోజు ఉదయం మూడు గంటలు బాలిస్టిక్స్ (తూటా గమనపు లెక్కలు) పాఠం, మధ్యాహ్నం జీరో (స్కోప్ గురి, తూటా పడే చోటు ఒకటయ్యే అమరిక) సరిచూడడం, తూటా వేగం కొలవడం. రెండో రోజు 800 మీటర్ల వరకు పడుకుని కాల్చడం, చివరి గంటలో బారికేడ్లు. ఈ క్రమం సరైనదేనా? టైమర్‌ను ఎప్పుడు పరిచయం చేయాలి? గాలి అంచనా నేర్పడానికి రెండు రోజులు ఎలాగూ చాలవు కాబట్టి, అందులో కనీసం ఏది చెప్పి పంపాలి? అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు 1 (రేంజ్ ఆఫీసర్)

మీ ప్రణాళికలో చివరి గంటకు పెట్టుకున్నదే మొదటి గంటలో రావాలని నా అభిప్రాయం. పోటీల్లో కొత్తవారి పక్కన నిలబడి స్కోరు రాసేవాడిగా చెబుతున్నాను: వారు పాయింట్లు పోగొట్టుకునేది గురి తప్పి కాదు, అసలు కాల్చకుండానే సమయం అయిపోయి. 90 సెకన్లలో పది తూటాలు కాల్చవలసిన స్టేజ్‌లో (పోటీలో ఒక విడత), నాలుగు చోట్లకు మారడం కూడా కలుపుకుని ఒక్కో తూటాకు మిగిలేది తొమ్మిది సెకన్లే. స్కోప్‌ను 25 రెట్ల మాగ్నిఫికేషన్ మీద ఉంచి ఆకాశమంతా వెతికి, లక్ష్యం కనబడేసరికే ఇరవై సెకన్లు ఖర్చు చేసినవారిని ఎందరినో చూశాను. 12 రెట్లకు తగ్గించుకోమని ఎవరూ ముందుగా చెప్పకపోవడం తప్ప వారిలో వేరే లోపమేమీ లేదు.

మొదటి పూట ఒక్క తూటా కూడా రేంజ్‌లోకి రానివ్వకండి. ఖాళీ రైఫిల్, చాంబర్‌లో ఫ్లాగ్ (తూటా లేదని చూపే గుర్తు), అంతే. ఒక్కొక్కరినీ బారికేడ్ దగ్గర నిలబెట్టి మీరు పక్క నుంచి గమనించండి. కొత్తవారు దాదాపు అందరూ రైఫిల్‌ను చేతుల బలంతో పట్టుకుని, లక్ష్యం మీదికి నెట్టి ఆపుతారు. శరీరం ఒక పక్కకు తిరిగి ఉంటుంది, బట్ (రైఫిల్ వెనుక కొన) భుజం అంచు మీద వేలాడుతుంది, మెడ దాని కోసం సాగుతుంది. ఆ స్థితిలో తూటా పేలగానే స్కోప్‌లోంచి లక్ష్యం మాయమవుతుంది. బ్యాగ్‌ను (రైఫిల్ కింద పెట్టే నింపిన సంచి) రైఫిల్ బరువు సమతూకంలో నిలిచే చోటికి జరిపించండి, ఛాతీని రైఫిల్‌కు సూటిగా తిప్పించండి, బరువును బ్యాగ్‌కే వదిలేయమనండి. తరువాత కళ్లు మూసుకుని, ఒకసారి ఊపిరి పీల్చి వదిలి, కళ్లు తెరవమనండి. రెటికిల్ (స్కోప్‌లోని గురి గీతలు) పక్కకు జరిగి ఉంటే చేతులతో సరిదిద్దడం కాదు, పాదాలు కదపాలి. ఈ ఒక్కటి పట్టుబడితే మీ శిబిరం సగం సఫలమైనట్టే.

ఇక భద్రత. ఒక చోటు నుంచి మరో చోటికి కదిలేటప్పుడు బోల్ట్ (చాంబర్‌ను మూసే కడ్డీ) వెనక్కి లాగి ఉండాలి. పోటీ నియమాలను బట్టి శిక్ష మారుతుంది గానీ, ఈ తప్పును తేలికగా తీసుకునే పోటీ ఏదీ లేదు. కదిలే ముందు ప్రతిసారీ ‘బోల్ట్’ అని పైకి అనడం మొదటి పూట నుంచే అలవాటు చేయించండి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, అయినా టైమర్ మోగాక మెదడుకు గుర్తుండేది నోటికి వచ్చినదే.

జవాబు 2 (శిక్షకుడు)

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క సవరణతో. మొదటి రోజు టైమర్ ఉండాలి గానీ గడువు ఉండకూడదు. కాల్చేవారికి ఎంత సమయం పట్టిందో కొలిచి చెప్పండి, సమయం అయిపోయిందని ఆపకండి. గడువు పెట్టిన మరుక్షణం కొత్తవారు ట్రిగ్గర్‌ను నొక్కడం మాని గుంజడం మొదలుపెడతారు, ఆ గుంజుడు వదిలించడానికి తరువాత నెలలు పడుతుంది. గడువును రెండో రోజు మధ్యాహ్నం పెట్టండి.

50 మీటర్ల కాగితపు లక్ష్యాల నుంచి వచ్చినవారు మీ బృందంలో ఉంటే వారిని ప్రత్యేకంగా గమనించండి. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి, రెటికిల్ పూర్తిగా నిశ్చలమయ్యే వరకు ఆగడం వారికి రక్తంలో ఉంటుంది. బారికేడ్ మీద ఆ నిశ్చలత ఎప్పటికీ రాదు. ఊగిసలాట లక్ష్యం అంచులు దాటకుండా ఉంటే చాలు, కాల్చేయాలి. ఈ మాట వారికి మింగుడుపడదు, అందుకే రెండుసార్లు చెప్పండి.

బాలిస్టిక్స్‌కు మూడు గంటలు దండగ, అరగంట చాలు. తూటా వేగం, బాలిస్టిక్ కోఎఫిషియంట్ (గాలి నిరోధాన్ని తూటా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె), బ్యారెల్ నుంచి స్కోప్ ఎత్తు, ఆనాటి గాలి సాంద్రత అనే నాలుగూ సరిగా ఇస్తే లెక్క యాప్ చేస్తుంది, దాన్ని దూరంలో కాల్చి సరిచూసుకోవాలి. స్కోప్ టరెట్‌ను (గురి సవరించే మర) తిప్పితే వచ్చే 0.1 మిల్ (కోణపు కొలత) క్లిక్ 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు, 800 మీటర్ల దగ్గర ఎనిమిది సెంటీమీటర్లు అని తెలిస్తే పునాది పడినట్టే.

మిగిలిన సమయమంతా గాలికి ఇవ్వండి. 800 మీటర్ల దగ్గర 40 సెంటీమీటర్ల ఉక్కు పలక వెడల్పు 0.5 మిల్, అంటే నడిమధ్య నుంచి అటూ ఇటూ 0.25 మిల్ మాత్రమే వెసులుబాటు. ఒక షూటర్ కార్డులో (దూరం, గాలిని బట్టి సవరణలు రాసుకునే చీటీ) సెకనుకు ఒక మీటరు పక్కగాలికి ఆ దూరంలో 0.4 మిల్ అని ఉందనుకుందాం. అప్పుడు గాలి అంచనాలో సెకనుకు 0.6 మీటర్లకు మించి పొరబడితే, గురి ఎంత గొప్పదైనా తూటా పలక పక్క నుంచి పోతుంది. ఈ లెక్కను ప్రతి ఒక్కరి చేతా వారి సొంత కార్డుతో చేయించండి, గాలిని ఎందుకు గమనించాలో మీరు వేరుగా చెప్పనక్కరలేదు. వాలుగా వచ్చే గాలి విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది: కాల్చే దిశకు 45 డిగ్రీల కోణంలో వస్తే పక్కగాలి ప్రభావంలో సగం అనుకుంటారు. సగం అయ్యేది 30 డిగ్రీలకు. 45 డిగ్రీలకు దాదాపు 0.7 వంతు.

తప్పిన తూటా ఎక్కడ పడిందో షూటర్ తానే చూడగలగాలి. ఆ దూరానికి తూటా చేరడానికి ఒక సెకను పైనే పడుతుంది కాబట్టి, పేలగానే తల ఎత్తినవారికి లేచిన దుమ్ము కనబడదు. తల ఎత్తకుండా, ఎంత తప్పిందో రెటికిల్‌తోనే కొలిచి, అంతే సవరించి మళ్లీ కాల్చాలి.

జవాబు 3 (నిరుడు తొలి పోటీ ఆడిన షూటర్)

ఇటువంటి శిబిరం నుంచే వచ్చినవాడిని కాబట్టి విద్యార్థి వైపు నుంచి ఒక మాట. నా మొదటి పోటీలో ఒక స్టేజ్ మొత్తం సున్నా వచ్చింది. ముందటి స్టేజ్ కోసం తిప్పిన 7.2 మిల్‌ను జీరోకు తేకుండానే, 400 మీటర్ల లక్ష్యం మీద పది తూటాలూ శ్రద్ధగా కాల్చాను. తూటాలు పలక మీదుగా ఎక్కడికో పోతుంటే నేను గాలిని అనుమానిస్తూ కూర్చున్నాను. శిబిరంలో గాలి గురించి, సాంద్రత గురించి బోలెడు నేర్పారు గానీ, స్టేజ్ ముగిశాక టరెట్‌ను జీరోకు తిప్పమని ఎవరూ సాధన చేయించలేదు. స్టేజ్ ముందు చేయవలసినవి, తరువాత చేయవలసినవి ఒకే వరుసలో, మాట మారకుండా, ప్రతిసారీ చేయించండి.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది, కాల్చనప్పుడు వేరే పని ఇవ్వడం. ఒకరు కాలుస్తుంటే ఒకరు స్పాటింగ్ స్కోప్‌లో చూడాలి, ఒకరు టైమర్ పట్టుకోవాలి, ఒకరు స్కోరు రాయాలి. ఇతరుల తూటాలు గాలికి ఎటు కొట్టుకుపోయాయో చూస్తూ నేర్చుకున్నంత, నేను కాల్చి నేర్చుకోలేదు. మరో విన్నపం: సామాను జాబితా పంపకండి. గట్టిగా నింపిన ఒక మంచి బ్యాగ్‌ను వంతులవారీగా వాడుకుంటే తొలి పోటీకి సరిపోతుంది.

నిర్వాహకుడి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మొదటి పూట ఖాళీ రైఫిళ్లతో బారికేడ్లు, అరగంట లెక్కలు, రెండో రోజు మధ్యాహ్నం గడువుతో నాలుగు స్టేజ్‌లు, ప్రతి స్టేజ్ చివర టరెట్ జీరోకు, ఇలా మార్చుకున్నాను. ఒక సందేహం మిగిలింది. మా బృందంలో ఒకరు ఎడమచేతి వాటం, రైఫిల్ బోల్ట్ మాత్రం కుడివైపు ఉంది. ఎడమ చేయి ట్రిగ్గర్ వదిలి పైనుంచి బోల్ట్ దాకా వెళ్లి వచ్చేసరికి ఆయన గురి ప్రతిసారీ చెదిరిపోతోంది.

జవాబు 1 (రేంజ్ ఆఫీసర్)

బ్యాగ్ బరువు మోస్తున్నప్పుడు ఆయన కుడి చేతికి పెద్దగా పనేమీ ఉండదు కాబట్టి, బోల్ట్‌ను ఆ చేత్తోనే నడపమనండి. ఎడమ చేయి గ్రిప్‌ను, చెంప స్టాక్‌ను వదలకుండా ఉంటాయి. ముందు ఖాళీ రైఫిల్‌తో ఓ వంద సార్లు చేయించండి. పోటీ రోజున స్టేజ్ వివరించేటప్పుడు మాత్రం, ఏ చోటులో కుడి మోచేతికి స్తంభం అడ్డువస్తుందో ముందే చూసుకోమని చెప్పండి. ఆ ఒక్క చోట ఆయన పాత పద్ధతికే రావలసి ఉంటుంది.