పిల్లల ఆసుపత్రికి గవర్నర్‌గా పోటీ చేయొచ్చా?

లివర్‌పూల్ అమ్మ:
మా బాబుకి ఉబ్బసం. ఇక్కడి ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రి చుట్టూ తిరుగుతూనే ఉంటాం. మొన్న అక్కడి గవర్నర్ (రోగుల, ప్రజల తరఫున బోర్డుని ప్రశ్నించే ప్రతినిధి) ఎన్నికలకి నామినేషన్లు పిలుస్తూ మెయిల్ వచ్చింది. మనలాంటివాళ్లు నిలబడొచ్చా? జీతమేమైనా ఇస్తారా? కార్ పార్కింగ్ గొడవ తేల్చాలని నా కోరిక!

పాత కాపు:
నిక్షేపంగా నిలబడొచ్చమ్మా. ఆసుపత్రిని నడిపే ట్రస్టులో సభ్యులై ఉండాలి, అది ఉచితమే. జీతం లేదు, దారి ఖర్చులిస్తారు. ఒకసారి గెలిస్తే మహా అయితే మూడేళ్లు. నేను వేరే పిల్లల ఆసుపత్రిలో తల్లిదండ్రుల తరఫున చేశాను. ఛైర్మన్‌నీ నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లనీ (రోజువారీ పని చూడకుండా బోర్డులో పర్యవేక్షించేవాళ్లు) నియమించేది గవర్నర్లే, వాళ్లని నిలదీసేదీ గవర్నర్లే. ఆడిటర్‌ని పెట్టేదీ మనమే. వార్డులు నడిపేది మాత్రం మనం కాదు. మీ బాబు అపాయింట్‌మెంట్ వెనక్కి జరిగితే ఆ ఫిర్యాదు పాల్స్ (ఆసుపత్రిలో రోగులకి సలహా, సాయం ఇచ్చే విభాగం) వాళ్లకే. పార్కింగ్ అంటారా, "బాగుచేయండి" అంటే నవ్వి ఊరుకుంటారు. "పార్కింగ్ ఫిర్యాదులపై బోర్డులో మీరేం అడిగారు?" అనండి, డైరెక్టర్ కాగితాలు తిరగేస్తారు. మీటింగ్ ముందు వచ్చే పీడీఎఫ్ కట్ట చదవడమే అసలు చాకిరీ. ప్రచార పత్రంలో డిగ్రీలు రాయకండి, ఇన్‌హేలర్ పట్టుకుని రాత్రుళ్లు ఎమర్జెన్సీలో కూర్చున్న సంగతి రాయండి.

మాంచెస్టర్ బాబాయ్:
ఒక్కటి చూసుకోమ్మా. గవర్నర్లు ఉండి తీరాలన్న నిబంధన తీసేస్తామని 2025 జులైలో వచ్చిన ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పదేళ్ల ప్రణాళికలో ఉంది. నామినేషన్ వేసేముందు ట్రస్టు ఆఫీసుకి ఫోన్ చేసి, ఈ పదవి ఎన్నాళ్లుంటుందో అడుగు.

లివర్‌పూల్ అమ్మ:
సోమవారం ఫోన్ చేస్తా బాబాయ్. పీడీఎఫ్‌లు మా ఆయన మీదకి తోసేస్తా.