బెజవాడలో జనం పెద్దగా చూడని పాత గుహలు, వాటి కథలు చెప్పగలరా?

గోదారి_పిల్ల:
వచ్చే నెల అమ్మతో దుర్గమ్మ దర్శనానికి వస్తున్నాను. గుడి, బ్యారేజీ అందరూ చూసేవే. ఊరి మధ్యలోనే పాత గుహలున్నాయట కదా? అక్కన్న మాదన్న గుహలు ఆ మంత్రులే తొలిపించారా? అమ్మకి కథలంటే ప్రాణం. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి.

కొండపక్కవాడు:
ఆ మంత్రులు తొలిపించలేదండి. అక్కన్న, మాదన్న గోల్కొండ తానీషా కొలువులో ఉన్నవాళ్ళు, 1686లో హత్యకు గురయ్యారు. గుహలు అంతకు దాదాపు వెయ్యేళ్ళ ముందటివి. ఆ అన్నదమ్ములు ఇక్కడ బస చేశారని మా వైపు చెప్పుకుంటారు, పేరు అలా నిలిచిపోయింది. ఇంద్రకీలాద్రి అడుగునే కాబట్టి అమ్మగారికి పెద్ద శ్రమ ఉండదు.

మొగల్రాజపురం గుహలు మాత్రం వదలొద్దు. చుట్టూ ఇళ్ళు, మధ్యలో కొండ, ఆ రాతిలో నటరాజు, వినాయకుడు, అర్ధనారీశ్వరుడు. బొమ్మలు బాగా అరిగిపోయాయి. ఎదురుగా నిలబడితే ఏమీ తెలియదు, టార్చి పక్క నుంచి వేస్తే చెయ్యీ కాలూ ఒక్కొక్కటే తేలతాయి. అక్కడ చెత్త పారేసేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

ఇక కథ. మీ అమ్మగారికి ఇది తప్పకుండా చెప్పండి. చేబ్రోలు నుంచి కుమారస్వామి జాతరకి బెజవాడ వచ్చాడట. ఊరు నచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఆయనకి గుడి, మఠం కట్టించారు. ఇది మనం అల్లుకున్నది కాదు, చాళుక్య రాజు యుద్ధమల్లుడి బెజవాడ శాసనంలో తెలుగు పద్యాల్లోనే ఉంది! మధ్యాక్కర ఛందస్సు, నన్నయ కంటే ముందటిది. స్థలపురాణం అనగానే కొట్టిపారేసేవాళ్ళకి నేను ఈ రాయినే చూపిస్తాను. ఆనాటి జనం తమ ఊరి గురించి ఏం చెప్పుకున్నారో అది అక్షరాలా దాచిపెట్టింది.

మంగళగిరి_అబ్బాయి:
ఉండవల్లి కూడా కలుపుకోండి, నది దాటితే చాలు. నాలుగంతస్తుల గుహ. పైన పవళించిన అనంతపద్మనాభుడు భారీ విగ్రహం, కానీ మెట్లెక్కాలి. మా మంగళగిరి కొండ మీది బిలం ఉండవల్లి దాకా వెళ్తుందనీ, ఋషులు ఆ దారినే కృష్ణ స్నానానికి వెళ్ళేవారనీ మా నాయనమ్మ చెప్పేది.

కొండపక్కవాడు:
ఆ బిలం కథ నేనూ విన్నాను తమ్ముడూ. అమ్మగారు ఉండవల్లిలో కింది అంతస్తు చూసి కూర్చోవచ్చు, మీరు పైకెళ్ళి ఫొటో తీసి చూపించండి.

గోదారి_పిల్ల:
చాలా థాంక్సండి. కుమారస్వామి కథ అమ్మకి ఇప్పుడే చదివి వినిపించాను. చేబ్రోలు ఎంత దూరమని అడుగుతోంది. అదే ప్రయాణంలో అక్కడికీ వెళ్ళిరావచ్చా?

కొండపక్కవాడు:
వెళ్ళొచ్చండి. గుంటూరు దాటాక తెనాలి, పొన్నూరు వైపు వస్తుంది. ఉండవల్లి పొద్దున్నే ముగించుకుని బయల్దేరండి. అక్కడ చతుర్ముఖ బ్రహ్మ గుడి కోనేటి మధ్యలో ఉంటుంది, అదీ చూపించండి.