చీమలను తినే పిట్టా, చీమల వెంట తిరిగే పిట్టా?

పనామా అడవుల మీద మీరు చేస్తున్న అనువాదంలో "చీమలను తినే చిన్న పిట్ట" ఏదో, దానికి తెలుగులో ఏ పేరు పెట్టాలో అడిగారు. బూడిదరంగు తల, నల్లని గొంతు, తెల్లని రొమ్ముకు అడ్డంగా హారంలా పేర్చినట్టున్న నల్లచుక్కలు, ఇటుకరంగు వీపు అని మూలంలో ఉంది కనుక అది స్పాటెడ్ యాంట్‌బర్డ్ మగపక్షి. అక్కడే తిరిగే బైకలర్డ్ యాంట్‌బర్డ్‌కు రొమ్ము మీద చుక్కలుండవు. ఆసిలేటెడ్ యాంట్‌బర్డ్ ఇంకా పెద్దది, దాని కంటి చుట్టూ ఈకలు లేని నీలిచర్మం వెడల్పుగా కనిపిస్తుంది.

అయితే "చీమలను తినే" అన్న మాటను మార్చక తప్పదు. దండుచీమలు లక్షల సంఖ్యలో నేలంతా పరచుకొని సాగుతుంటే, రాలిన ఆకుల కింద నక్కిన బొద్దింకలు, మిడతలు, సాలీళ్లు ప్రాణభయంతో బయటికి వస్తాయి. నేలకు కాస్త ఎత్తున సన్నని నిలువుకాడను పట్టుకొని కాచుకున్న ఈ పిట్ట చటుక్కున దూకి వాటిని అందుకొని మళ్లీ కాడ మీదికి చేరుతుంది. 1960వ దశకంలో పనామాలోని బారో కొలరాడో దీవిలో పక్షి శాస్త్రవేత్త ఎడ్విన్ విల్లిస్ ఈ మూడు జాతులనూ ఎంతో ఓపికగా పరిశీలించాడు.

మేసే పశువుల కాళ్ల అలికిడికి లేచే పురుగులను పట్టే పక్షిని మనవాళ్లు పసులపోలిగాడు అన్నారు; ఆ పేరు విని అది పశువులను తింటుందని ఎవరూ అనుకోరు. "చీమపిట్ట" అంటే మాత్రం, తేనెపిట్ట తేనె తాగినట్టే ఇది చీమలను తింటుందని పాఠకుడు వెంటనే అనుకుంటాడు. అందుకని చీమల దండునే నమ్ముకొని బతికే బైకలర్డ్ వంటి జాతులకు "దండుపిట్ట" అన్న పేరు నాకు చాలా నచ్చుతుంది. మీ పిట్ట అలాంటిది కాదు. తన హద్దులోకి దండు వచ్చినప్పుడు దాని వెంట తిరుగుతుంది, లేనప్పుడు సొంతంగా వేటాడుకుంటుంది. పైగా ఈ పిట్టలన్నీ చేరే యాంట్‌బర్డ్ కుటుంబంలోని 200కు పైగా జాతుల్లో ఎక్కువ భాగం చీమల వెంట తిరగవు కనుక, కుటుంబానికంతటికీ ఆ పేరు పెట్టడం కుదరదు.

కాబట్టి "చీమపిట్ట" అన్న పేరే ఉంచి, అది కలిగించే అపోహను వాక్యంలో తొలగిద్దాం. "చుక్కల చీమపిట్ట" అంటే చుక్కలు చీమకా, పిట్టకా అన్న సందేహం వస్తుంది కాబట్టి "చుక్కరొమ్ము చీమపిట్ట" అనండి. మొదటిసారి వచ్చినచోట వాక్యాన్ని "దండుచీమలు కదిలినప్పుడు వాటి వెంట తిరుగుతూ, అవి లేపిన పురుగులను పట్టే చుక్కరొమ్ము చీమపిట్ట" అని రాస్తే, ఆ తరువాత పేరొక్కటే చాలు.