నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతోంది, ఎవరైనా దారి చూపండి

ఉప్పల్ వాసి:
పొద్దున్నుంచి ఈ బండితోనే సరిపోయింది. ఇంటి దగ్గర ఒక్క కిక్‌కే స్టార్ట్ అవుతుంది, అంబర్‌పేట దాకా ఏ ఇబ్బందీ ఉండదు. చాదర్‌ఘాట్ దాటాక ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఈ రోజు మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ మీద ఆగింది. వెనక ఆర్టీసీ బస్సు హారన్ మోగిస్తుంటే తోసుకుంటూ దిగాను. కాసేపాగి కిక్ కొడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. ప్లగ్ మార్చాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, కార్బురేటర్ శుభ్రం చేయించాను. డబ్బులు పోతున్నాయి తప్ప ఫలితం లేదు. మా వీధి మెకానిక్ ‘పికప్ పోయింది’ అంటున్నారు. బండి పికప్ బాగానే ఉంది, ఆ మాట నేను నమ్మను. ఏం చేయాలో చెప్పండి.

కూకట్‌పల్లి సభ్యుడు:
సైడ్ స్టాండ్ స్విచ్ చూడండి.

సైదాబాద్ మెకానిక్:
ఏ సంవత్సరం బండి? ఎన్ని సీసీ? ఆగేటప్పుడు తాళం తిప్పినట్టు ఒక్కసారిగా ఆగుతోందా, దగ్గి దగ్గి ఆగుతోందా? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఉప్పల్ వాసి:
2014 మోడల్, 125 సీసీ. ఎలా ఆగుతోందో గమనించే పరిస్థితి ఉంటుందా ఆ ట్రాఫిక్‌లో? ఆగుతోంది, అంతే. ట్యాంకు నింపిన రోజు మరీ తొందరగా ఆగుతోంది. బంకువాళ్లు ఏదో కలుపుతున్నారని నా అనుమానం.

చందానగర్ సభ్యుడు:
అదే అసలు సంగతి! ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై ఇప్పుడు అంతటా వచ్చేసింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా చేరే నీరు మితిమీరితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. వానాకాలంలో వారాల తరబడి కదలని బండికి ఈ ముప్పు ఎక్కువ. 2014లో తయారైన బండిలోని రబ్బరు గొట్టాలు, వాషర్లు ఈ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మైలేజీ కూడా తగ్గుతుంది. దీని మీద అందరం గట్టిగా అడగాలి. నేను ఎప్పటినుంచో చెబుతున్నాను, ఎవరూ వినడం లేదు.

సైదాబాద్ మెకానిక్:
పెట్రోలులో నీళ్లుంటే పొద్దున కిక్ కొట్టినప్పుడే సతాయించాలి కదా. ఈయన బండి చాదర్‌ఘాట్ దాకా బాగానే వస్తోంది. అనుమానం ఉంటే కార్బురేటర్ కింద ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కాస్త పెట్రోలు గాజు సీసాలోకి పట్టి వెలుతురులో చూడండి. నీరు చేరి ఉంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. ఇంజిన్ చల్లారాకే చేయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

ఇక సైడ్ స్టాండ్ సంగతి. కొత్త బండ్లలో స్టాండు వేసి ఉంటే ఇంజిన్ నడవనివ్వని స్విచ్ ఉంటుంది. 2014 బండి కాబట్టి ముందు అది వెతకక్కర్లేదు.

మీ మెకానిక్ అన్నది వేగం గురించి కాదు, పికప్ కాయిల్ గురించి అనుకుంటాను. ఇంజిన్‌తో పాటు తిరిగే మాగ్నెట్ పక్కన ఉంటుంది. ప్లగ్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో దాని సంకేతాన్ని బట్టే సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయిస్తుంది. అందులో తీగ చాలా సన్నం. ఇంజిన్ వేడెక్కితే ఒక్కోసారి లోపల తెగిన చోట ఎడం ఏర్పడి సంకేతం ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ తగులుకుంటుంది. ఆయన అనుమానం అర్థం లేనిది కాదు.

ఉప్పల్ వాసి:
మాకు పికప్ అంటే ఒకటే అర్థం. కాయిల్ అని పూర్తిగా చెప్పాలి కదా. అయితే మార్చేయమంటారా?

సైదాబాద్ మెకానిక్:
వద్దు. ఆగిన నిమిషంలో పరీక్ష చేయకుండా ఇక ఏదీ మార్చవద్దు. ట్యాంకు నిండినప్పుడు తొందరగా ఆగుతోందన్నారు, నాకు ఆ మాట ముఖ్యం. ట్యాంకు మూతకు గాలి లోపలికి పోయే సన్నటి దారి ఉంటుంది. అది మూసుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ లోపల గాలి పలచబడి ధార నిలిచిపోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలి కొంచెమే, అందుకే త్వరగా ఆగుతుంది. సగం ఖాళీగా ఉంటే ఇంకాస్త దూరం వెళ్తుంది. ఈ మధ్య బండికి ఇంకేమైనా పని చేయించారా?

ఉప్పల్ వాసి:
ఏమీ లేదు. తాళంచెవి పోతే లాక్ సెట్టు మొత్తం మార్పించాను, అంతే. దానికీ ఇంజిన్‌కూ సంబంధం లేదు.

సైదాబాద్ మెకానిక్:
ఆ మాట మొదటే చెప్పాల్సింది! లాక్ సెట్టు అంటే ట్యాంకు మూత, హ్యాండిల్ దగ్గరి తాళం స్విచ్, రెండూ కొత్తవే. రెండూ ఇంజిన్‌ను ఆపగలవు. ఈసారి ఆగగానే, తాళం తిప్పకముందే హారన్ నొక్కండి, న్యూట్రల్ లైటు చూడండి. హెడ్‌లైటును నమ్మవద్దు, పాత బండ్లలో చాలావాటికి ఇంజిన్ ఆగితే అదీ ఆరిపోతుంది. హారన్, న్యూట్రల్ లైటు రెండూ పోతే కొత్త స్విచ్ కింద వైర్ల కనెక్టర్ వదులుగా ఉందేమో చూడాలి. అవి పనిచేస్తుంటే మూత తెరవండి. బుస్సుమని గాలి పీల్చి, ఆ తర్వాత కాసేపటికే బండి అందుకుంటే దోషం మూతదే. రెండూ కాకపోతే అప్పుడు కాయిల్. దాని నిరోధం ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడొకసారి, చల్లారాక ఒకసారి మీటరుతో కొలిపించండి.

తార్నాక సభ్యురాలు:
ఇంత చెప్పారు, ప్రాణం సంగతి ఎవరూ చెప్పలేదు. ఫ్లైఓవర్ మీద ఇంజిన్ ఆగితే ముందు క్లచ్ పట్టండి, ఎడమ ఇండికేటర్ వేయండి, ఉన్న వేగంతోనే అంచుకు చేరండి. ఆ తర్వాతే కిక్ కొట్టడం, మూత తెరవడం. మా తమ్ముడు రోడ్డు మధ్యలో కిక్ కొడుతూ నిలబడితే వెనక ఆటో గుద్దింది. తేలేదాకా దయచేసి బస్సులో వెళ్లండి.

చందానగర్ సభ్యుడు:
రబ్బరు గొట్టాలు కూడా చూపించండి. ఇథనాల్‌కు మెత్తబడి లోపలి గోడలు అతుక్కుంటే ధార ఆగుతుంది.

ఉప్పల్ వాసి:
నిన్న మలక్‌పేట వైపు నుంచి వస్తుంటే ఆగింది. హారన్ మోగింది. మూత తెరిస్తే బుస్సుమంది. కాసేపటికి స్టార్ట్ అయింది. థాంక్స్ అన్నా.

సైదాబాద్ మెకానిక్:
మూత వదులుగా పెట్టుకుని తిరగవద్దు, వాన నీళ్లు దిగుతాయి. పుత్లీబౌలి విడిభాగాల దుకాణాల్లో మీ మోడల్‌కు కంపెనీ మూత అడగండి. కొనేముందు గాలి దారిలోకి ఊది చూడండి.

నాచారం సభ్యుడు:
నాది స్కూటర్, సరిగ్గా ఇలాగే ఆగుతోంది. మూత బాగానే ఉంది. ఏమై ఉంటుంది?